ఒక వాల్వు, ఇద్దరు కాపలావాళ్ళు

సోమవారం ఉదయం తొమ్మిది గంటల ముప్ఫై రెండు నిమిషాలకు పటాలమ్మ ఒక వాల్వు గీయడానికి సంకల్పించింది.

మంచినీటి సరఫరా కార్యాలయం రెండో అంతస్తులో, పటాల విభాగంలో ఏడు కంప్యూటర్లున్నాయి. కిటికీ వైపు నుంచి లెక్కపెడితే నాలుగోది ఆవిడది. ఊరి కింద ఏ గొట్టం ఎక్కడ మొదలై, ఎక్కడ వంకర తిరిగి, ఏ మలుపులో ఏ గొట్టంతో వియ్యమందుకుంటుందో ఇరవై రెండేళ్ళుగా గీస్తూ వచ్చిన చెయ్యి ఆవిడది. నీలిగీత మంచినీరు, గోధుమరంగు గీత మురుగునీరు, ఎర్రటి చిన్న వృత్తం వాల్వు. ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుంది; తక్కిన లోకానికి ఆవిడ పటాలమ్మే.

ఆరోగ్యంగా ఉన్న కంప్యూటరుకు ఎర్ర వృత్తం గీయడానికి రెప్పపాటు చాలు. పటాలమ్మ మౌసు నొక్కింది. తెర మీద ఇసుకగడియారం ప్రత్యక్షమైంది. ఆవిడ కుర్చీ వెనక్కి జరిపి, సీసా తీసుకుని, నడవా చివరున్న కుళాయి దాకా వెళ్ళి, నీళ్ళు పట్టుకుని, మూత బిగించి, తీరిగ్గా తిరిగి వచ్చింది. అప్పటికి వృత్తంలో పావు వంతు, విదియనాటి చంద్రరేఖలాగా, ఉదయించి ఉంది.

ఇందులో యంత్రం తప్పేమీ లేదు. తప్పంతా దాని గర్భంలో నడుస్తున్న సమరానిది. అందులో పదకొండేళ్ళుగా ‘ద్వారపాలక’ అనే రక్షణ సాఫ్ట్‌వేరు కొలువుదీరి ఉంది. తెరిచిన ప్రతి ఫైలునూ గడప దగ్గర నిలబెట్టి, జేబులు తడిమి, వైరస్సులు లేవని తేలాక లోపలికి పంపడం దాని ధర్మం. మూడు వారాల కిందట ప్రధాన కార్యాలయం నుంచి ‘వేయికన్ను’ అనే కొత్తది సకల లాంఛనాలతో వేంచేసింది. ఇది గడప దగ్గర నిలబడే రకం కాదు; ఇల్లంతా కలయదిరుగుతూ ఎవరు ఏం చేస్తున్నారో కనిపెట్టే రకం. దాని వెంట వచ్చిన ఉత్తర్వులో ఉన్నది ఒకే వాక్యం: ‘ఇప్పుడున్న రక్షణ ఏర్పాట్లతో పాటుగా దీనిని నడుపవలెను.’

‘పాటుగా’ అని రాయడానికి అరక్షణం పడుతుంది. ఆ అరక్షణం పటాలమ్మకు మూడు వారాలైంది. ఆవిడ వాల్వు గీయగానే ద్వారపాలక ఆ ఫైలును పట్టుకుని తడమడం మొదలుపెడుతుంది. ఎవరిదో ఫైలును వీడెందుకు తడుముతున్నాడని వేయికన్ను వచ్చి దాని చెయ్యి పట్టుకుంటుంది. తాను చూస్తున్న ఫైలు మీద పరాయి నీడ పడిందని ద్వారపాలక మళ్ళీ మొదటినుంచి తడుముతుంది. ఈ మహావీరులిద్దరి మధ్య ఎర్ర వృత్తం, సంతలో తప్పిపోయిన పిల్లలా, బిక్కమొహం వేసుకుని నిలబడుతుంది.

తెర కింద కుడిమూల రెండు చిన్న పెట్టెలు మూడు వారాలుగా కాపురముంటున్నాయి. మొదటిది ద్వారపాలకది: ‘క్రొత్తవాడొకడు లోనికి వచ్చియున్నాడు. విశ్వసింపవచ్చునా?’ రెండోది వేయికన్నుది: ‘ఈ యంత్రమున మరియొక రక్షకుడు కలడు. అతనిని నిలిపివేయవలెనా?’ రెండింటి కిందా ‘అవును’, ‘కాదు’ అని మీటలు. పటాలమ్మ ఏ మీటా నొక్కలేదు. పిలవని చుట్టాలను అరుగు మీద కూర్చోబెట్టినట్లు ఆ పెట్టెలను మూలకు లాగి, పని చేసుకుంటోంది.

అందుకు కారణం ఆవిడ బల్ల మీది అద్దం కింద పదిలంగా ఉంది. నాలుగేళ్ళ కిందట, మీకు కారు బహుమతిగా వచ్చిందన్న పెట్టెలో ఎవరో ‘అవును’ నొక్కితే, మూడు రోజులపాటు కార్యాలయంలోని ప్రింటర్లన్నీ తలనూనె ప్రకటనలు ముద్రించాయి. నాలుగో రోజున సర్క్యులరు వెలువడింది: ‘పై అధికారి లిఖితపూర్వక అనుమతి లేనిదే ఎవరును ఏ పెట్టెలోనూ దేనినీ నొక్కరాదు.’ ఆ సర్క్యులరు మీద ఏడుగురూ ‘చూశాను’ అని సంతకం పెట్టారు. చూసినది మాత్రం ఆవిడ ఒక్కతే. అందుకే పెట్టెలు వచ్చిన రోజునే, ఏది నొక్కమంటారో సెలవివ్వవలసిందిగా ఫైలు పెట్టింది. ఫైలు వెళ్ళింది, రాలేదు.

ఈలోగా వేయికన్ను తన రెండో విద్య ప్రదర్శించింది. ప్రతి శుక్రవారం పది నుంచి అయిదు దాకా ఏ కంప్యూటరు ఎంత పని చేసిందో కొలిచి, శనివారం ఉదయానికి ‘మందగమన పట్టిక’ ముద్రించి ఇస్తుంది. వరసగా రెండు వారాలు ఆ పట్టికకు శిరోభూషణంగా పటాలమ్మ నిలిచింది.

పదకొండింటికి సెక్షన్ ఆఫీసరు పిలిచాడు. ఆయన ఎదుట పట్టిక, పట్టిక మీద పేపర్‌వెయిట్ ఉన్నాయి.

“చూడండమ్మా, నాకు మీ మీద ఏమీ లేదు. పట్టిక చెబుతోంది.”

“పట్టిక చెప్పేది కంప్యూటరు సంగతి సార్. నా సంగతి కాదు.”

“దాని ముందు కూర్చున్నది మీరే కదా.”

“పక్కవాటి ముందు వాళ్ళు కూర్చున్నారు. అవి నడుస్తున్నాయి.”

“నేననేదీ అదే” అన్నాడాయన. తాను ఏమన్నాడో ఒకసారి లోలోపల వెతుక్కుని, దొరక్క, పేపర్‌వెయిట్ తిప్పాడు. “మూడోసారి కూడా మీరే ఉంటే కింద ఫిర్యాదుల కౌంటరులో వేయమని రూలు. అక్కడ కంప్యూటరు ఉండదు లెండి. హాయి.”

ఫిర్యాదుల కౌంటరంటే కింది అంతస్తులో ఇనుపజాలీ వెనక ఒక స్టూలు, ఒక లావుపాటి పుస్తకం. తన చేతిగీతల కంటే బాగా తెలిసిన ఆ నీలిగీతలన్నిటినీ వదిలేసి, నీళ్ళు రాలేదని ఎవరెవరో చెప్పింది రాసుకుంటూ మిగిలిన ఎనిమిదేళ్ళ ఉద్యోగం గడపాలి. పటాలమ్మ తన బల్ల దగ్గరికి వచ్చింది. వృత్తం సగమైంది.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ, ఆవిడ అయిదో కంప్యూటరు వైపు తిరిగింది. అక్కడ కూర్చునేవాడిని అందరూ మెరుపు అంటారు. ముప్ఫై అయిదేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. పట్టికలో ఎప్పుడూ అడుగున, అంటే గౌరవస్థానంలో, ఉంటాడు. టకటకమని గీసుకుపోతున్నాడు. అతని తెర మీద కుడిమూల ఖాళీగా ఉంది.

“నీ పెట్టెలేవి?” అంది పటాలమ్మ.

“ఏ పెట్టెలక్కా?”

“విశ్వసింపవచ్చునా, నిలిపివేయవలెనా.”

“ఓ, అవా? మొదటిరోజే పోయాయిగా. కొత్తది పాతదాన్ని ఆపమంటావా అనడిగింది. ఆపెయ్ అన్నాను. పాతది పడుకుంది. దాంతోపాటే దాని పెట్టె కూడా పోయింది.”

“మిగతావాళ్ళు?”

“అందరూ అంతే.” మెరుపు అన్నం గిన్నె మూత తీస్తూ ఆగాడు. “నువ్వు నొక్కలేదా అక్కా? ఇన్నాళ్ళూ?”

“సర్క్యులరు ఉంది. అనుమతి లేకుండా నొక్కకూడదు. ఎవరిచ్చారు మీకు అనుమతి?”

“నువ్వే ఫైలు పెట్టావుగా.”



“నా ఫైలు నీకెలా అనుమతవుతుంది?”

“అది కాదక్కా. నువ్వు ఫైలు పెట్టావంటే ఇవాళ కాకపోతే రేపు అనుమతి వస్తుంది. నువ్వు రాసింది ఎప్పుడైనా కాదన్నారా? వస్తుంది కదా అని మేం ముందే నొక్కాం. ఎవరైనా అడిగితే నీ ఫైలు నంబరు చెబుదామనుకున్నాం. ఇదిగో, రాసి కూడా పెట్టుకున్నా.” నిజంగానే అతని తెర అంచున చిన్న చీటీ అంటించి ఉంది. దాని మీద ఆవిడ ఫైలు నంబరు, తారీఖుతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. తక్కిన అయిదు తెరల అంచులకూ అలాంటి చీటీలే ఉన్నాయని ఆవిడ అప్పుడు గమనించింది.

అలా ఆవిడ నియమనిష్ఠల నీడన ఆరుగురు నిర్భయంగా నియమం తప్పారు. ఎండ మాత్రం ఆవిడ మీద పడింది.

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళేసరికి ఇంటాయన ముందుగదిలో కుట్టుమిషను మీద చొక్కా కాలరు తిప్పుతున్నాడు. దర్జీపనిలో ఆయనది ముప్ఫై ఏళ్ళ అనుభవం. మాటకు ముందు సూదిని నోట్లోంచి తీయడం ఆయన అలవాటు.

“ఇవాళ ఎన్ని గీశావు?”

“ఒకటీ ముప్పావు.”

“నిన్నటి కంటే నయమే.” ఆయన నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు. ఆవిడ చెప్పిందంతా విన్నాడు. పాత సాఫ్ట్‌వేరును చూసుకునే పెద్దాయన, కొత్తదాన్ని తెచ్చిన అధికారి ఒకరిమొహం ఒకరు చూసుకోరన్న చోట తల ఊపాడు.

“మొన్న ఒక మొగుడూపెళ్ళాం వచ్చారు. ఆయన చొక్కా వదులుగా ఉండాలని ఆయన, బిగుతుగా ఉండాలని ఆవిడ. అరగంట నన్ను మధ్యలో పెట్టుకుని తగువు.”

“మీరేం చెప్పారు?”

“నేనెందుకు చెబుతాను? టేపు ఒక కొస ఆయన చేతికి, ఇంకో కొస ఆవిడ చేతికి ఇచ్చి, ఇలాగే పట్టుకోండి, ఇప్పుడే వస్తానని లోపలికొచ్చి మంచినీళ్ళు తాగాను. చేతులు నొప్పెట్టేసరికి వాళ్ళే ఒక మాట మీదికి వచ్చారు.” సూది మళ్ళీ నోట్లోకి వెళ్ళింది.

బుధవారం పటాలమ్మ ఫైలును వెతుక్కుంటూ బయల్దేరింది. అది రెండో అంతస్తు మెట్ల మలుపులో, చెక్క ట్రేలో, పైకి వెళ్ళవలసిన కాగితాల మీదా కిందికి వెళ్ళవలసిన కాగితాల కిందా పడుకుని ఉంది. విప్పి చూస్తే దాని తీర్థయాత్ర అంతా బయటపడింది. మూడో అంతస్తు నుంచి రక్షణాధికారి రాశాడు: ‘పాత సాఫ్ట్‌వేరు మాది కాదు. దాని సంరక్షకుల అభిప్రాయము కోరవలెను.’ కింది అంతస్తు యంత్రాల గది నుంచి సంరక్షకుడు రాశాడు: ‘క్రొత్తది మమ్ములను అడిగి పెట్టినది కాదు. పెట్టినవారినే అడుగవలెను.’ ఈ రెండు వాక్యాలూ స్వల్ప మార్పులతో అయిదేసి సార్లు ఉన్నాయి. ప్రతిసారీ నడుమ సెక్షన్ ఆఫీసరు ‘చర్చించుడు’ అని రాసి, ఎవరితోనో రాయకుండా, సంతకం చేశాడు.

తన కంప్యూటరులో జరిగేది ఈ భవనంలోనూ జరుగుతోందని ఆవిడకు అర్థమైంది. పైన ఒకాయన, కింద ఒకాయన, మధ్య మెట్ల మీద తన ఫైలు.

ఫైలు చంకన పెట్టుకుని ముందు కిందికి దిగింది. యంత్రాల గదిలో పెద్దాయన నడుముకు తాళాలగుత్తితో, మోకాళ్ళ మీద ఒక పాత కీబోర్డు పెట్టుకుని, పెయింటు బ్రష్షుతో దాని దుమ్ము దులుపుతున్నాడు. ద్వారపాలకను పదకొండేళ్ళ కిందట ఏడు కంప్యూటర్లలోనూ తన చేత్తో పెట్టినవాడు ఆయన.

“నేను కాదనలేదమ్మా. కానీ ఒక్క మాట. పెద్దాయనా, ఇదిగో ఇలా ఒకటి తెస్తున్నా, మీది ఉందిగా, పక్కన పెట్టుకుంటా అని ఒక్క మాట అన్నాడా? ఆ మెట్లు దిగితే అరిగిపోతాడా?”

“మీరు ఎక్కితే?”

“నాకు మోకాళ్ళు” అన్నాడు పెద్దాయన గంభీరంగా. ఆ మోకాళ్ళతోనే రోజూ మధ్యాహ్నం టీకి నాలుగో అంతస్తు క్యాంటీనుకు వెళతాడని ఆవిడకు తెలుసు.

మూడో అంతస్తులో రక్షణాధికారి ఉన్నాడు. ఏ కాగితాన్నయినా కంటికి రెండంగుళాల దూరంలో పెట్టుకుని చదవడం వల్ల ఆయనకు భూతద్దం అని పేరొచ్చింది. ఆ పేరు ఆయనకు తెలియదు. తెలిస్తే దాని మీద విచారణ జరిపేవాడు.

“ఆ ద్వారపాలక మా జాబితాలో లేదండి. జాబితాలో లేనిదాన్ని నేను నమ్మమని మా సాఫ్ట్‌వేరుకు ఎలా చెబుతాను?”

“ఉన్నవాటితో పాటుగా నడపమన్నారు కదా సార్ మీ ఉత్తర్వులో. ఉన్నది అదొక్కటే మరి.”

భూతద్దం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆయన వచ్చి అడిగితే ఆలోచిస్తాను.”

పటాలమ్మ తలుపు దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్లు ఆగింది.

“రేపు పదిన్నరకి ఒకసారి నా బల్ల దగ్గరికి రండి సార్. మీ సాఫ్ట్‌వేరుకు అక్కడ చాలా అవమానం జరుగుతోంది. నా నోటితో చెప్పలేను.”

కిందికి దిగి పెద్దాయనకూ అక్షరం పొల్లుపోకుండా అదే మాట చెప్పింది. అబద్ధం కాదు కాబట్టి రెండుసార్లు చెప్పడానికి ఆవిడకు సంకోచం కలగలేదు.

గురువారం పదిన్నరకు ఇద్దరూ చెరో ద్వారంలోంచి ప్రవేశించారు. ఒకరినొకరు చూసి ఆగారు. అప్పటికే పటాలమ్మ తన కుర్చీకి చెరోవైపూ చెరో స్టూలు వేసి ఉంచింది.

“కూర్చోండి. మీరేం మాట్లాడక్కర్లేదు. ఒక్క వాల్వు గీస్తాను. అది అయ్యేదాకా చూస్తే చాలు.”

మౌసు నొక్కింది. ఇసుకగడియారం వచ్చింది.

మొదటి అయిదు నిమిషాలూ ఇద్దరూ తెరను, గోడను, ఫ్యానును వరసగా పరిశీలించారు. ఎనిమిదో నిమిషంలో పెద్దాయన దగ్గాడు. పదో నిమిషంలో భూతద్దం గడియారం చూసుకున్నాడు. పన్నెండో నిమిషంలో నెలవంక కనిపించింది.

“ఎప్పుడూ ఇంతేనా?” అన్నాడు భూతద్దం, ఎవరినీ చూడకుండా.

“ఇవాళ కాస్త చురుగ్గానే ఉంది సార్” అంది పటాలమ్మ.

“మావాడు ఒక్కడే ఉన్నప్పుడు చిటికెలో అయిపోయేది” అన్నాడు పెద్దాయన ఫ్యానుతో.

“మావాడు అసలు దేన్నీ ఆపడు. గమనిస్తాడంతే” అన్నాడు భూతద్దం గోడతో.

“గమనించడానికి చెయ్యి పట్టుకోవాలా?”

“తడుముతుంటే పట్టుకోరా మరి?”

“తడమడం వాడి ఉద్యోగమయ్యా.”

“పట్టుకోవడం వీడి ఉద్యోగమండి.”

ఇంతవరకూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నామని వాళ్ళు గమనించలేదు. పెద్దాయనకు రోషం వచ్చింది. “తప్పు మావాడిదే అయితే, ఆ ఆరు కంప్యూటర్లు ఎలా పరిగెడుతున్నాయి? వాటిల్లోనూ ఉన్నాడుగా మావాడు. ఉండు, హాజరు పిలుస్తా.” సంచిలోంచి చిన్న కంప్యూటరు తీసి, ఒడిలో పెట్టుకుని, ఏడుగురు ద్వారపాలకులనూ పేరుపేరునా పిలిచాడు.

నాలుగో నంబరువాడు పలికాడు. తక్కిన ఆరుగురూ ఉలకలేదు, పలకలేదు.

గదిలో ఆరు కీబోర్డుల చప్పుడు ఒకేసారి ఆగిపోయింది. పెద్దాయన మళ్ళీ పిలిచాడు. మళ్ళీ ఒక్కడే పలికాడు.

“మూడు వారాలుగా పడుకోబెట్టారు” అన్నాడాయన నెమ్మదిగా. కోపం కంటే, ఊరినుంచి వచ్చేసరికి ఇంట్లో మనుషులు కనిపించనివాడి దిగులు ఆ గొంతులో వినిపించింది. “ఎవరు?”

మెరుపు లేచి నిలబడ్డాడు. “అక్క ఫైలు పెట్టింది కదండీ, అనుమతి వస్తుందని...”

“వచ్చిందా?”

“దారిలో ఉందండీ.”

భూతద్దం జేబులోంచి తన ఉత్తర్వు తీసి, కంటికి రెండంగుళాల దూరాన పెట్టుకుని, ఆ ఒక్క వాక్యమూ చదివాడు. తర్వాత ఇంకోసారి చదివాడు. కాగితం మడిచి, పటాలమ్మ తెర వైపు తిరిగాడు.

“అంటే, ఏడింటిలో ఉత్తర్వు ప్రకారం నడుస్తున్నది ఈ ఒక్కటేనా?”

వృత్తం ముప్పావు వంతు దాకా వచ్చింది. పటాలమ్మ చూపు దాని మీదే ఉంది.

చేయవలసింది చిన్న పని. ద్వారపాలక మినహాయింపుల జాబితాలో వేయికన్ను పేరు చేర్చాలి. వేయికన్ను జాబితాలో ద్వారపాలక పేరు చేర్చాలి. వీడు మనవాడే, తడమనక్కర్లేదు, పట్టుకోనక్కర్లేదు అని చెరోమాట. ఎవరి సంకేతపదం వారిది, ఎవరి మీట వారిది. అయితే ముందు ఎవరు? పెద్దాయన వయసు చూసుకున్నాడు. భూతద్దం హోదా చూసుకున్నాడు. చేతులు నాలుగూ ఒడిలోనే ఉండిపోయాయి.

అంతలో వృత్తం పూర్తయింది.

“సరే, తొందరేముంది, ఆలోచించుకోండి” అంది పటాలమ్మ. “ఈలోగా ఇంకో వాల్వు గీస్తాను.”

ఆవిడ చెయ్యి మౌసు మీద పడిందో లేదో, రెండు వైపులనుంచీ రెండు చేతులు ఒకేసారి కీబోర్డు మీద వాలాయి.

పెద్దాయన సంకేతపదం కొడుతున్నంతసేపూ భూతద్దం పైకప్పును చూశాడు. భూతద్దం కొడుతున్నంతసేపూ పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. ఆ మర్యాదలో మూడు వారాల వైరం సగం కరిగింది. మూలనున్న రెండు పెట్టెలూ, చాలాకాలం ఉన్న చుట్టాలు వెళ్ళేటప్పటిలా, ఒకదాని వెనక ఒకటి లేచి వెళ్ళిపోయాయి. పటాలమ్మ మౌసు నొక్కింది. ఎర్ర వృత్తం నిండుగా, వేలు ఇంకా పైకి లేవకముందే, వచ్చి కూర్చుంది.

మిగిలిన సగం వైరం నాలుగో అంతస్తులో టీ దగ్గర కరిగిందని తర్వాత తెలిసింది. సాయంత్రానికి ఇద్దరి సంతకాలతో ఉమ్మడి ఉత్తర్వు వచ్చింది: ఆరు కంప్యూటర్లలోనూ ద్వారపాలకను శుక్రవారం పది గంటలకు మేల్కొల్పడమగును, పెట్టెలు వచ్చినచో ఎవరును తమంత తాము నొక్కరాదు, లిఖితపూర్వకముగా తెలిపినచో అధికారులిరువురును స్వయముగా వచ్చి చూతురు. జాబితాల్లో పేర్లు చేర్చింది నాలుగో కంప్యూటరులో మాత్రమే; తక్కిన ఆరింటి జాబితాల సంగతి ఉత్తర్వులో లేదు.

శుక్రవారం సరిగ్గా పదింటికి ఆరుగురు ద్వారపాలకులు కళ్ళు నులుముకుని లేచారు. మూడు వారాల నిద్రలో తమ కన్నుగప్పి ఏమేం లోపలికి వెళ్ళాయోనన్న ఆందోళనతో మొదటి ఫైలు నుంచి తడమడం మొదలుపెట్టారు. వేయికన్నులు ఆరూ పరుగున వచ్చి చేతులు పట్టుకున్నాయి. నడవా చివర కుళాయి దగ్గర ఆరుగురూ సీసాలతో వరస కట్టారు. పటాలమ్మ ఆ రోజు కుళాయి దగ్గరికి వెళ్ళలేదు. మూడు వారాలుగా పెన్సిలుతో కాగితాల మీద దాచుకున్న వాల్వులన్నీ, నూట పన్నెండు, అయిదు గంటలకల్లా ఎక్కించింది.

శనివారం పట్టిక అంటించారు. అడుగున పటాలమ్మ, శిరస్సున మెరుపు. సెక్షన్ ఆఫీసరు పేపర్‌వెయిట్ చేతిలో పట్టుకునే విభాగంలోకి వచ్చాడు.

“నాకు నీ మీద ఏమీ లేదయ్యా” అన్నాడు మెరుపుతో. “పట్టిక చెబుతోంది.” తర్వాత ఇటు తిరిగి, “ఈ వారం బాగా చురుగ్గా ఉన్నారమ్మా” అన్నాడు.

“వారం కాదు సార్, నిన్న” అంది పటాలమ్మ.

ఆయన వెళ్ళాక మెరుపు కుర్చీని చక్రాల మీద మెల్లగా ఆవిడ పక్కకు దొర్లించుకొచ్చాడు.

“అక్కా. పెట్టెలొచ్చాయి. రెండూ.”

“ఏమంటున్నాయి?”

“విశ్వసింపవచ్చునా, నిలిపివేయవలెనా.” గొంతు తగ్గించాడు. “ఏది నొక్కాలో నీకు తెలుసుగా. ఒక్క మాట చెప్పవూ, నొక్కేస్తాను.”

పటాలమ్మ అతని వైపు చూసింది. అతని తెర అంచున తన ఫైలు నంబరున్న చీటీ ఇంకా ఉంది. చెయ్యి చాపి దాన్ని ఊడదీసి, ఉండగా చుట్టి, బుట్టలో వేసింది. సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసి అతని ముందు పెట్టింది. దాని మీద తన పెన్ను పెట్టింది.

“ఫైలు పెట్టు.”

“అక్కా...”

“నీ పేరుతో రాయి. నీ సంతకం చెయ్యి. మెట్ల మీద ట్రేలో వెయ్యకు, ఇద్దరికీ చేతికే ఇచ్చిరా. ఆ స్టూళ్ళు రెండూ తీసుకెళ్ళి నీ బల్లకి అటొకటి ఇటొకటి వేసుకో. సోమవారం పదిన్నరకి వస్తారు.”

“సోమవారమా? అంతదాకా నేనేం చెయ్యను?”

పటాలమ్మ అప్పటికే తన తెర వైపు తిరిగింది.

“ఒక వాల్వు గియ్యి” అంది.

కాసేపు కాగితం మీద పెన్ను గీసుకున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత మౌసు నొక్కిన చప్పుడు, కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు. ఇంకాస్త సేపటికి నడవా చివర కుళాయి తిప్పిన చప్పుడు.